“అవతలికి తన్నురా!” అనకుండా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం ఎలా

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, దేవరకొండ, అచ్చంపేట, గద్వాల వైపు ఏదో హైస్కూల్ వెనక ఖాళీ జాగలోనో సాయంత్రం పూట పిల్లల్ని పోగేసి ఫుట్‌బాల్ ఆడిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు పీఈటీ సార్ కావచ్చు, కాలేజీ రోజుల్లో ఆడి ఇప్పుడు ఊళ్లోనే ఏదో పని చేసుకుంటూ పిల్లలకు నేర్పుతున్న అన్న కావచ్చు. కోచింగ్ లైసెన్సులు, కోర్సుల జోలికి పోను. ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా ఉన్న పిల్లలకు బంతి ఎలా అలవాటు చేయాలి, ముఖ్యంగా మనం ఏ పనులు మానేయాలి, అంతవరకే చెబుతాను.

దీనికి ఐర్లాండ్‌ను ముందు పెట్టుకుంటున్నాను. బ్రెజిల్, స్పెయిన్ ఉండగా ఐర్లాండ్ ఎందుకంటారా? గెలిచినవాళ్లను చూసి నేర్చుకోవడం మనకు కష్టం, వాళ్లకున్న గ్రౌండ్లు, కోచ్‌లు మన దగ్గర లేవు. ఎక్కడ పోగొట్టుకున్నారో స్పష్టంగా కనబడే దేశాన్ని చూస్తే, కనీసం ఆ పని మనం చేయకుండా ఉండొచ్చు. ఐర్లాండ్‌లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు బోలెడంత మంది, పక్కనే ఇంగ్లండ్ లీగ్, అభిమానులకైతే కొదవే లేదు. అయినా బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని, తల పైకెత్తి, ఎదుటి జట్టును విడగొట్టి ఆడే ఆటగాడు తరానికి ఒకరిద్దరు వస్తే గొప్ప. నా లెక్కలో అక్కడి పిల్లలకు ఆట రాక కాదు, ఉన్న ఆటను పెద్దవాళ్లే పిండేశారు. అదే పని మన గ్రౌండ్లలోనూ రోజూ జరుగుతోంది.

ముందు ఐర్లాండ్ సంగతి

ప్రతిభ లేదనుకుంటే పొరపాటు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఆట నడిపించిన గొప్ప మిడ్‌ఫీల్డర్లు జానీ గైల్స్, లియామ్ బ్రాడీ ఆ దేశం వాళ్లే. బ్రాడీ 1980లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ నుంచి ఇటలీ క్లబ్ యువెంటస్‌కు పోయి వరుసగా రెండేళ్లు ఇటలీ లీగ్ గెలిచాడు. 1998లో బ్రయాన్ కెర్ కోచ్‌గా ఉండగా ఐర్లాండ్ పిల్లలు అండర్-16, అండర్-18 యూరోపియన్ టైటిళ్లు రెండూ ఒకే ఏడాది పట్టుకొచ్చారు. అంటే పిల్లల్లో లోపం లేదు.

1986లో జాతీయ జట్టుకు జాక్ చార్ల్టన్ మేనేజర్‌గా వచ్చాడు. ఇంగ్లండ్ మనిషి, 1966 వరల్డ్ కప్ గెలిచిన జట్టులో డిఫెండర్. ఆయన పద్ధతి చాలా సింపుల్: మధ్యలో బంతితో ఆటలాడొద్దు, ఎదుటి ఫుల్‌బ్యాక్‌ల (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్ల) వెనక ఖాళీలోకి పొడవుగా కొట్టండి, వాళ్లు వెనక్కి తిరిగి బంతి అందుకునేలోపు అందరూ కలిసి మీద పడండి. పని చేసింది కూడా. 1988 యూరోలో (యూరప్ దేశాల కప్పు పోటీలో) ఇంగ్లండ్‌ను 1-0తో కొట్టారు, 1990 వరల్డ్ కప్‌లో ఐదు మ్యాచ్‌ల్లో రెండే రెండు గోల్స్ వేసి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు, 1994లో ఇటలీనే ఓడించారు. చార్ల్టన్‌ను తిట్టాలని నాకు లేదు. జాతీయ జట్టు కోచ్ పని గెలవడం, గెలిచాడు. పైగా ఆయన జట్టులో చాలామంది ఇంగ్లండ్‌లోనో స్కాట్లండ్‌లోనో పుట్టి, తాతలు నాయనమ్మల తరఫున ఐర్లాండ్‌కు ఆడినవాళ్లు. వాళ్లను తయారు చేసింది ఐర్లాండ్ గ్రౌండ్లు కావు కాబట్టి ఇంట్లో ఆటగాళ్లు తయారవుతున్నారా లేదా అని ఎవరికీ పెద్దగా పట్టలేదు.

చిక్కంతా ఎక్కడంటే, జాతీయ జట్టుకు సరిపోయిన ఆ ఆలోచన తొమ్మిదేళ్ల పిల్లల మ్యాచ్‌లోకి కూడా దిగింది. బురద గ్రౌండ్, గాలి, వాన, పెద్ద గోల్‌పోస్టులు, పదకొండు మంది చొప్పున పిల్లలు, గీత బయట నాన్నలు. అలాంటి చోట బలంగా తన్నేవాడు, ఎత్తుగా ఉన్నవాడు గెలిపిస్తాడు, తిరిగి ఆడబోయినవాడు బంతి పోగొట్టుకుని తిట్లు తింటాడు. ఇది చార్ల్టన్ కంటే ముందు నుంచీ ఉన్నదే, కాని ఆయన విజయాలతో దానికి పెద్ద ముద్ర పడింది. 1989 సెప్టెంబర్‌లో పశ్చిమ జర్మనీతో ఫ్రెండ్లీ మ్యాచ్‌లో లియామ్ బ్రాడీని హాఫ్ టైమ్ కూడా కాకముందే బయటికి పిలిచేశారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పదేళ్ల పిల్లవాడికి దాంతో ఏం అర్థమై ఉంటుంది?

ఆ తర్వాత వెస్ హూలహన్. డబ్లిన్ కుర్రాడు, చిన్న మనిషి, బంతి కాలికి అంటుకుని ఉంటుంది. 2008లో ఐర్లాండ్‌కు మొదటి మ్యాచ్ ఆడాడు. రెండోది 2012లో. మధ్యలో నాలుగేళ్లు అతన్ని జట్టుకు పనికిరాడనుకున్నారు. ఆ 2012 యూరోలోనే ఐర్లాండ్ మూడు మ్యాచ్‌లూ ఓడింది, స్పెయిన్ చేతిలో 4-0. నాలుగేళ్ల తర్వాత 2016 యూరోలో, 34 ఏళ్ల వయసులో, ఇదే హూలహన్ స్వీడన్ మీద గోల్ కొట్టాడు, ఇటలీ మీద చివరి నిమిషాల్లో రాబీ బ్రాడీ తలకు బంతి అందించి గెలిపించాడు. ఇరవై ఆరేళ్లప్పుడు వాడుకోవాల్సిన మనిషిని ముప్పై నాలుగేళ్లకు గుర్తించారు.

ఇంకో కారణం డబ్బు, దారి. దశాబ్దాలపాటు మంచి పిల్లలు పదిహేను, పదహారేళ్లకే ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్లిపోయేవాళ్లు. ఎంతమందిని పంపామన్నదే ఊరి క్లబ్బుకు గొప్ప. క్లబ్బుల తరఫున పిల్లల్ని ఎంచడానికి వచ్చిన స్కౌట్‌కు ఒక్క మ్యాచ్‌లో కనబడేది ఏముంటుంది, ఎత్తు, వేగం, బలం. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత, 2021 జనవరి నుంచి, పద్దెనిమిదేళ్లలోపు ఐర్లాండ్ పిల్లల్ని ఇంగ్లండ్ క్లబ్బులు తీసుకోవడానికి వీల్లేదు. దాంతో పెంచే పని ఒక్కసారిగా సొంత క్లబ్బుల మీద పడింది, కాని ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘమేమో అప్పుల్లో కూరుకుపోయి 2020 జనవరిలో ప్రభుత్వం ఆదుకుంటే బయటపడింది. పూర్తికాలం పనిచేసే కోచ్‌లను పెట్టుకునే స్థోమత ఎక్కడిది?

ఐర్లాండ్ సొంత ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్, వాటితోపాటు రగ్బీ పిల్లల్ని లాక్కుపోతున్నాయని కూడా అంటారు. మనం క్రికెట్ గురించి అనే మాటే ఇది. కొంత నిజం, ఎక్కువ సాకు. క్రొయేషియా జనాభా 40 లక్షల లోపు. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే 40 లక్షలు దాటింది. పాలమూరు కంటే చిన్న దేశం 2018 వరల్డ్ కప్‌లో ఫైనల్ ఆడింది, 2022లో మూడో స్థానంలో నిలిచింది. జనం చాలరు అనే మాట ఇక పక్కన పెట్టేద్దాం.

గ్రౌండ్ కుదించండి

మనవాళ్లకు గ్రౌండ్ అంటే పెద్దది ఉండాలి, పోస్టులు ఉండాలి, పదకొండు మంది చొప్పున ఆడాలి. చిన్న లెక్క వేసుకోండి. గంట మ్యాచ్, 22 మంది, ఒక్క బంతి. సమానంగా పంచినా ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రాదు. సమానంగా పంచరు కదా, బలమైన ముగ్గురు ఆడతారు, లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడ్డ పిల్లవాడు పల్లేరుకాయలు ఏరుకుంటాడు. అదే గంటలో ముగ్గురు చొప్పున రెండు జట్లు ఆడితే ఒక్కొక్కరి వాటా పది నిమిషాలు.

కాబట్టి పదేళ్లలోపు పిల్లల్ని ముగ్గురు ముగ్గురిగా, మహా అయితే నలుగురు నలుగురిగా ఆడించండి. పాతిక పెద్ద అంగల పొడవు, ఇరవై అంగల వెడల్పు చాలు. ఊళ్లో క్రీడా ప్రాంగణం ఉంటే అందులో ఇలాంటివి రెండు మూడు పడతాయి, బడి ముందు ప్రార్థన చేసే జాగలో ఒకటి పడుతుంది. గోల్‌పోస్టులకు చెప్పులు, ఇటుకలు. కాని ప్రతి జట్టుకూ ఒక గోల్ కాదు, రెండు పెట్టండి, రెండు మూలల్లో. ఇది హోర్స్ట్ వైన్ అనే జర్మన్ కోచ్ ‘ఫునీన్యో’ పేరుతో ప్రచారం చేసిన ఆట. ఒక మూల జనం గుమిగూడితే రెండో మూల ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ కనబడాలంటే పిల్లవాడు తల ఎత్తాలి. “తల ఎత్తి చూడు” అని మీరు వందసార్లు అరవక్కర్లేదు, ఆటే చూపిస్తుంది. గోల్‌కీపర్ వద్దు. గోల్‌కు ఆరు అంగల లోపు నుంచి కొట్టిందే లెక్క అనే రూల్ పెట్టండి, అప్పుడు దూరం నుంచి తన్నడం దానంతటదే ఆగిపోతుంది. యూరో 2000ను సొంత గడ్డ మీద నడుపుతూ మొదటి దశలోనే ఇంటిముఖం పట్టిన బెల్జియం పిల్లల ఆటను ఇలాగే రెండు రెండు, ఐదు ఐదు, ఎనిమిది ఎనిమిదిగా కుదించింది. జర్మనీలో 2024 సీజన్ నుంచి చిన్నపిల్లలకు ఇలాంటి చిన్న ఆటలే. ఐర్లాండ్ కూడా 2013 తర్వాత రూడ్ డొక్టర్ అనే డచ్ కోచ్ హయాంలో ఈ దారికే వచ్చింది. ఆలస్యంగా వచ్చింది.

ఐర్లాండ్‌లో బురద, మన దగ్గర మొరం నేల. ఎండాకాలంలో బంతి మోకాలి ఎత్తు లేస్తుంది, అది ఆపుకోలేక పిల్లలు గాల్లోనే తన్నేస్తారు. దీనికి మందు బంతిలో ఉంది. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు మూడో నంబర్, పన్నెండు దాకా నాలుగో నంబర్, ఆపైనే ఐదో నంబర్. చాలా బళ్లలో అందరికీ ఐదో నంబరే ఇస్తారు, ఆరో తరగతి పిల్లవాడి కాలికి అది బండరాయి. దొరికితే ఫుట్‌సాల్ (గట్టి నేల మీద ఐదుగురు చొప్పున ఆడే ఫుట్‌బాల్) బంతి ఒకటి కొనండి, నాలుగో నంబర్ సైజు, తక్కువగా లేస్తుంది, గట్టి నేల మీద కాలికి దగ్గరగా ఉంటుంది. లేకపోతే ఉన్న బంతిలోనే కొంచెం గాలి తీసేయండి, సగం పని అవుతుంది. ఆట మొదలయ్యే ముందు పిల్లలంతా వరుసగా నడిచి పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఏరాలి, లేకుంటే వారానికో బంతి పోతుంది. మార్చి దాటాక పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాతే ఆడించండి, మధ్యమధ్యలో ఆపి నీళ్లు తాగించండి. మన ఎండతో పంతం వద్దు.

గంటసేపు ఏం చేయించాలి

మొట్టమొదట, లైన్‌లో నిలబెట్టడం మానేయండి. పదిమంది లైన్, ముందున్నవాడు కోన్ల మధ్య నుంచి బంతి తీసుకుపోయి వచ్చి వెనక నిలబడతాడు. చూడటానికి క్రమశిక్షణగా ఉంటుంది, హెడ్‌మాస్టర్‌కు నచ్చుతుంది, ఫొటో బాగా వస్తుంది. కాని పిల్లవాడు గంటలో ఎక్కువ భాగం ముందువాడి వీపు చూస్తూ గడుపుతాడు. పైగా కోన్ కాలు అడ్డం పెట్టదు, బంతి లాక్కోదు. ఎదురుగా మనిషి ఉంటేనే మోసం చేయడం వస్తుంది.

మొదటి పావుగంట బంతితో దొంగా పోలీస్. పదిహేను అంగల చదరం గీయండి, బంతులు ఉన్నవాళ్లు లోపల తిప్పుకుంటూ తిరగాలి, లేనివాళ్లు లాక్కోవాలి. లాక్కుంటే పాత్రలు మారతాయి. ఓడినవాణ్ని బయట కూర్చోబెట్టే ఆటలు మాత్రం వద్దు, ఎందుకంటే ముందుగా బయటికి పోయేది ఎప్పుడూ ఎక్కువ సాధన కావాల్సిన పిల్లవాడే.

ఆ తర్వాత ఒకరికొకరు. చెప్పుల గోల్ ఇటొకటి అటొకటి, ఇద్దరు పిల్లలు, నిమిషం లోపు ఆట, ఆపై ఊపిరి తీసుకోవాలి, వేరే జంట. ఇక్కడ మన కబడ్డీ పనికొస్తుంది. రైడర్ ఒక వైపు భుజం వంచి ఇంకో వైపు కాలు వేస్తాడు కదా, అదే పని బంతితో చేయమనండి, మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ ఒడుపు ఒంట్లో ఉంది. కబడ్డీ ఆడే పిల్లల్ని ఆట మానమని అనకండి. క్రికెట్ కూడా ఆడుకోనివ్వండి, వారానికి మూడు సాయంత్రాలు మీ దగ్గరకు వస్తే చాలు.

మిగిలిన సమయమంతా ఆటే. మూడు మూడు, నాలుగు నాలుగు, అప్పుడప్పుడు కావాలని మూడుకు రెండు. బంతులు నాలుగే ఉండి పిల్లలు ఇరవై మంది ఉంటే ఐదుగురు చొప్పున నాలుగు గుంపులు చేయండి. ఇద్దరికి ఇద్దరు, ఐదోవాడు ఎవరి దగ్గర బంతి ఉంటే వాళ్ల వైపు. ఆ ఐదోవాడి స్థానంలో మందకొడిగా ఉన్న పిల్లవాణ్ని ముందు పెట్టండి, బంతి ఎక్కువసార్లు వస్తుంది, ధైర్యం వస్తుంది.

వారంలో ఒకరోజు ఎడమ కాలి గోల్‌కు రెండు మార్కులు. ఇది కొత్త సంగతేం కాదు, మన హైదరాబాద్‌దే. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ స్కూల్ టీచర్‌గా ఉండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు, 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలో పేరున్న రోవర్స్ కప్ టోర్నీని వరుసగా ఐదుసార్లు గెలిపించారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్‌కు, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లారు. అలవాటు లేని కాలితోనే ఆడాలనే పోటీలు ఆయన పెట్టేవారని చెబుతారు. డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తిప్పుకుంటూ ఎదుటివాళ్లను దాటడం) చేయకుండా ఆడాలనే పోటీలు కూడా పెట్టారట, దాన్ని పట్టుకుని కొందరు “చూశారా, రహీం సాబ్ కూడా ఒక్కడే ఆడటం వద్దన్నారు” అంటారు. ఆయన వద్దన్నది అప్పటికే బంతి మీద పట్టు ఉన్నవాళ్లను, పాస్ వేగం పెంచడానికి. బంతి ఆపడమే రాని తొమ్మిదేళ్ల పిల్లవాడికి డ్రిబ్లింగ్ వద్దనడం వేరే సంగతి. ముందు పట్టు రానివ్వండి, పంచుకోవడం పన్నెండేళ్ల తర్వాత నేర్పినా వస్తుంది. తిరగేసి చేస్తే రాదు.

మన నోరు

అసలు కష్టమైనది ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా ఇదే.

ఒక మ్యాచ్ ఊహించుకోండి. మిర్యాలగూడ జట్టుతో ఆడుతున్నారు, మీరు 1-0తో ముందున్నారు, ఐదు నిమిషాలు మిగిలాయి. పదేళ్ల అమ్మాయి మీ గోల్ ముందు బంతి అందుకుంది, తన్నేయలేదు, తిరగబోయింది. ఒకణ్ని దాటింది. రెండోవాడు లాక్కున్నాడు, గోల్. గ్రౌండ్ మొత్తం మీ వైపు చూస్తుంది, ఆ అమ్మాయి కూడా చూస్తుంది. ఆ ఐదు సెకన్లలో మీరు ఏం అంటారన్నదే ఆమె ఆటను తేలుస్తుంది. “ఎందుకే తిరిగినవ్, గట్టిగ కొట్టొద్దా అవతలికి?” అన్నారనుకోండి, ఇక జన్మలో తిరగదు. తర్వాత మ్యాచ్‌లో బంతి రాగానే తన్నేస్తుంది, మీరు చప్పట్లు కొడతారు, సేఫ్‌గా ఆడుతోందని మెచ్చుకుంటారు. ఐర్లాండ్‌లో కొన్ని తరాలపాటు జరిగింది అచ్చం ఇదే.

బదులుగా ఇలా అనొచ్చు: “మంచిగ తిరిగినవ్ బిడ్డా, మొదటోన్ని దాటినవ్. మల్ల చెయ్.” అంతే, ఇంకేం వద్దు. మ్యాచ్ అయ్యాక, నీళ్లు తాగాక, పక్కన కూర్చుని అడగండి: రెండోవాడు వస్తున్నది ఎప్పుడు కనబడ్డది? ఇంకా ఎటు పోయే సందు ఉండె? జవాబు తనే చెప్పాలి. తప్పు చెప్పినా పర్వాలేదు, ఆలోచించింది కదా.

ఆట నడుస్తుండగా “పాస్ ఇయ్యి, కొట్టు, ఎనక్కి రా, లెఫ్ట్, లెఫ్ట్” అని అరిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా విసుగు. పిల్లవాడి కళ్లు చేయాల్సిన పని మీ గొంతు చేస్తోంది. మీరు లేని రోజు వాడికి ఏం కనబడదు. సృజన అంటే పెద్ద మాట, కాని దాని మొదలు ఇక్కడే: ఎటు పోవాలో వాడే తేల్చుకోవడం. చేతులు కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకోండి. నోరు ఆగదనిపిస్తే బఠాణీలు కొని జేబులో పోసుకోండి, నవ్వులాటకు అనడం లేదు.

తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోవాలి. మన దగ్గర గ్రౌండ్‌కు వచ్చే నాన్నలు తక్కువే, అదొక రకంగా మేలు. వచ్చినవాళ్లతో ఒకటే ఒప్పందం: పేరు పిలవొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, ఏం చేయాలో మాత్రం చెప్పొద్దు. వినకపోతే స్కోర్ రాసే పని అప్పజెప్పండి, చేతిలో పెన్ను ఉంటే నోరు కాస్త తగ్గుతుంది.

బక్క పిల్లాడి సంగతి

పన్నెండేళ్ల వయసులో ఒకే తరగతిలో ఇద్దరు పిల్లల మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. ఎదిగినవాడు గెలిపిస్తాడు, బక్కవాడు బెంచీ మీద కూర్చుంటాడు. మూడేళ్లలో అందరూ ఎదుగుతారు, అప్పటికి పొడుగువాడికి పొడుగు తప్ప ఇంకేం రాదు, బక్కవాడు ఆట మానేసి ఉంటాడు. ఆ వయసు జట్టులో కొన్ని నెలలు పెద్దవాళ్లు కాబట్టి ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా సెలెక్ట్ అవుతారని చాలా దేశాల్లో తేలింది. మన దగ్గర ఇంకో తమాషా, బడిలో చేర్చేటప్పుడు సారు అందాజాగా రాసిన జూన్ తేదీయే చాలామందికి పుట్టినరోజు, కాబట్టి కాగితం చూసి వయసు తేల్చడం కూడా కుదరదు. కళ్లతో చూసి, కొన్ని రోజులు వయసు వదిలేసి ఎత్తును బట్టి జట్లు చేయండి. పొడుగువాళ్లు పొడుగువాళ్లతో ఆడితే వాళ్లకూ మేలే, తోసుకుంటూ పోవడం కుదరక కాళ్లు వాడటం నేర్చుకుంటారు.

2018 ఫైనల్ ఆడిన క్రొయేషియా జట్టు కెప్టెన్ లూకా మోద్రిచ్‌ను చిన్నప్పుడు బక్కగా ఉన్నాడని హజ్దుక్ స్ప్లిట్ క్లబ్ తీసుకోలేదు. యుద్ధం వల్ల ఇల్లు వదిలి జాదర్ పట్టణంలో తలదాచుకున్న హోటల్ పార్కింగ్‌లో బంతి ఆడుకున్న పిల్లవాడు అతను. పార్కింగ్ అంటే చిన్న జాగ, గట్టి నేల. మనకున్నవీ అవే.

అమ్మాయిలను విడిగా కూర్చోబెట్టకండి, పన్నెండు దాకా కలిపే ఆడించొచ్చు. గురుకులాల్లో పనిచేసేవాళ్లకు ఇందులో గొప్ప సౌకర్యం ఉంది, పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రం అరగంట, నాలుగు చెప్పులు, ఒక బంతి ఉంటే సరిపోతుంది.

కప్పులు, సెలెక్షన్లు

స్కూల్ గేమ్స్‌లో మొదటి మెట్టు అండర్-14. అంటే పదమూడేళ్ల దాకా మీ మీద పడి కప్పు అడిగే హక్కు ఎవరికీ లేదు, ఒకప్పటి ఐర్లాండ్ కోచ్‌లకు లేని స్వేచ్ఛ ఇది. దాన్ని మీరే పోగొట్టుకోకండి. పదేళ్లు దాటాక ఏడుగురి ఆట, ఆ తర్వాత తొమ్మిది, అండర్-14 పోటీకి ఏడాది ముందు నుంచి పదకొండు. ఏడుగురి ఆటలో ఒక రూల్ తప్పక పెట్టండి: గోల్‌కీపర్ చేతిలో బంతి ఉన్నప్పుడు ఎదుటి జట్టు సగం గీత దాకా వెనక్కి పోవాలి. కీపర్ బంతిని దొర్లించి పక్కవాడికి ఇస్తాడు, అక్కడి నుంచి ఆడుకుంటూ రావాలి. పక్క ఊరి కోచ్‌ను కూడా ఒప్పించండి, ఒప్పుకోకపోతే కనీసం మీ పిల్లల మధ్య ఆడేటప్పుడు పాటించండి.

పొడవుగా కొట్టడం పాపమేం కాదు. 2025 నవంబర్‌లో బుడాపెస్ట్‌లో హంగేరీ మీద ట్రాయ్ పారట్ మూడో గోల్ కొట్టి ఐర్లాండ్‌ను 3-2తో గెలిపించాడు, ఆఖరి క్షణాల్లో ఆ గోల్ వచ్చింది గోల్‌కీపర్ దూరంగా కొట్టిన బంతి నుంచే. పన్నెండేళ్ల తర్వాత దాన్నీ నేర్పండి, ఎప్పుడు వాడాలో నేర్పండి. వేరే ఏం రాక తన్నడం వేరు, చూసి, ఎంచుకుని కొట్టడం వేరు.

మ్యాచ్‌లో అందరూ కనీసం సగం సేపు ఆడాలి, స్థానాలు మార్చాలి. డిఫెన్స్‌లో బాగా ఆడుతున్నాడని ఎనిమిదేళ్ల నుంచే అక్కడ కట్టేయకండి. ఓడిపోతారు, మొదటి రెండేళ్లు బాగానే ఓడిపోతారు, పొడుగు పిల్లలున్న బడులు మిమ్మల్ని నాలుగు, ఐదు గోల్స్ తేడాతో కొడతాయి. హెడ్‌మాస్టర్ “కప్పు ఏది సార్?” అని అడిగితే ముందే ఒక పుస్తకం తయారుగా ఉంచుకోండి: ఎంతమంది పిల్లలు రోజూ వస్తున్నారు, ఎంతమంది రెండు కాళ్లతో బంతి ఆపగలరు, ఎంతమంది ఏడాది తర్వాత కూడా ఆడుతున్నారు. కప్పు లేకపోయినా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

బాగా ఆడే పిల్లలుంటే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కు ప్రయత్నం చేయండి, నాలుగో తరగతిలో తీసుకుంటారు. అక్కడ ఎత్తు, బరువు, పరుగు లాంటి పరీక్షలు ఉంటాయి, మీ బక్క డ్రిబ్లర్‌కు సీటు రాకపోవచ్చు. రాలేదంటే ఆట రానట్టు కాదని వాడికీ, వాళ్ల అమ్మానాన్నలకూ ఆ రోజే కూర్చుని చెప్పాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. పద్నాలుగు దాటాక హైదరాబాద్‌లో ఏదైనా క్లబ్బుకో అకాడమీకో పంపేటప్పుడు కొత్త కోచ్‌కు మీరే ఫోన్ చేయండి. వీడు రెండు కాళ్లతో ఆడతాడు, బంతి అందుకుని తిరుగుతాడు, మొదటి నెలలో చాలాసార్లు పోగొట్టుకుంటాడు, అప్పుడే బెంచీ మీద కూర్చోబెట్టకండి సార్ అని చెప్పండి.